రెండు వేళ్ళు బయటికి

జొన్నాడ వంతెన దిగి రావులపాలెంలో అడుగుపెట్టగానే
అరటి గెలల లారీలు ఆగే చోటు దాటాక
అద్దం వెనక వేలాడుతోంది ఆ చక్రం.
పదిహేడు అంగుళాలు. నల్లటి ఆకులు, అంచున వెండి కోత.
నాలుగు నెలలుగా దాన్ని చూడ్డానికే
అక్కడ గేరు తగ్గిస్తున్నానని మా ఆవిడకి తెలీదు.

నాది కడియపులంకలో ముప్పావు ఎకరం నర్సరీ.
కారు సెకండ్ హ్యాండు. డిక్కీలో ఎప్పుడూ తడిమట్టి,
వెనక సీట్లో గులాబీ అంట్లు బెల్టు పెట్టుకుని కూర్చుంటాయి.
అలాంటి కారుకి సోకెందుకంటారా?
నేను అమ్మేది పువ్వులండి.
సోకెందుకని నన్ను అడక్కండి.

షాపు కుర్రాడు ఫణి వేలితో టైరు మీద మీటాడు.
"రెండొందలైదు బై నలభై అయిదు.
కారు నేలకి అతుక్కుపోద్దండి, ఆయ్!"

అలైన్‌మెంటు గుంటలోంచి పైకొచ్చాడు ఏసుపాదం,
ఒక్కో వేలూ గుడ్డతో తుడుచుకుంటూ.
డ్రైవరు తలుపు తీసి, స్తంభం మీది స్టిక్కరు దుమ్ము ఊది,
ఎవరిదో ఉత్తరం చదివిపెడుతున్నట్టు చదివాడు:
నూట ఎనభై అయిదు. అరవై అయిదు.
పదిహేను. ఎనభై ఎనిమిది.
ఫణి చేతిలోని టైరు తిప్పి చూశాడు. దాని మీద ఎనభై నాలుగు.
"నాలుగే కదా తేడా" అన్నాను.
"నాలుగు కాదండి, టైరుకి అరవై కేజీలు.
కుండీలు దింపేసొస్తారా, ఆవిణ్ణి దింపేసొస్తారా?"

అయినా బిగించాడు, ఒక్కటే, కళ్ళారా చూసుకోమని.
రోడ్డు దాటి అవతల నుంచి చూశాను.
ఏం చెప్పను.
కాలవలోంచి లేచిన గేదె
ఒక కాలికి వెండి పట్టీ తొడుక్కున్నట్టుంది.

అప్పుడు తాపీ వాళ్ళ తూకంగుండు తెచ్చాడు.
ఫెండరు అంచు నుంచి దారం వదిలాడు.
గుండు నేలకి చేరలేదు,
టైరు బుగ్గ మీద ఆగిపోయింది.
అంచుకీ టైరుకీ మధ్య రెండు వేళ్ళు ఆనించి
"ఇంత బయటికి" అన్నాడు.
స్టీరింగు చివరిదాకా కోయమన్నాడు.
లోపల ఎక్కడో కొబ్బరి కోరుతున్న చప్పుడు.

"బ్రేకు ఇనస్పెక్టరు పట్టుకుంటాడా?"
"పడితే జరిమానా రాస్తాడు, కట్టేసి పోతారు.
వానరోజు ఆలమూరు కాలవ గట్టు మీద
తెల్ల యూనిఫాంలో సైకిలు తొక్కే పిల్లుంటది.
ఈ రెండు వేళ్ళ బురద ఎవరి మీదకి లేస్తదో
అది రాయడానికి ఆయన దగ్గర పుస్తకం లేదండి."
ఆ పిల్ల వాళ్ళమ్మాయేనని,
నర్సింగు రెండో ఏడని, బిల్లు కొడుతూ ఫణి చెప్పాడు.

పదిహేనులోనే తీసుకున్నాను. అల్లాయే, బూడిద రంగు,
ఆకులు అయిదు, చెప్పుకోదగ్గ కోత ఏమీ లేదు.
టైర్ల అంకెలన్నీ స్టిక్కరు మీద ఉన్నవే.
నాలుగిట్లో ఒకదాన్ని ఏసుపాదం పక్కకి దొర్లించేశాడు.
దాని పక్కటెముక మీద పుట్టిన వారం, పుట్టిన ఏడు;
"పాలిష్ పడితే ముసలితనం దాగుద్దా?" అన్నాడు, టైరుతోనే.
ఇంకోటి తణుకు నుంచి బస్సు మీద వచ్చేదాకా
బల్ల మీద కూర్చుని మూడు టీలు తాగాను,
అద్దం వైపు వీపు పెట్టి.

పాత టైర్లలో మట్టి నింపి నాచుపూలు వేశాను.
ఎండెక్కాక విచ్చుతాయి. జనం వాటినే ముందు అడుగుతున్నారు.

మొన్న మళ్ళీ రావులపాలెం వెళ్ళాను.
చెయ్యి దానంతటదే గేరు తగ్గించింది.
అద్దం వెనక కొక్కెం ఉంది, చక్రం లేదు.
ఎవరు కొన్నారో అడగలేదు.
కానీ వాన పడ్డ రోజు గట్టు మీద
ఎదురొచ్చే ప్రతి కారుకీ
ముందు ఫెండరు అంచు చూస్తున్నాను,
తర్వాతే ఆ పక్కన సైకిలు ఎవరిదో.